రెండు సైలెన్సర్ల బండి

నా భర్తకు పక్షవాతం వచ్చిన రోజు, వనపర్తిలోని మా రిపేరు షాపు బల్ల మీద ఒక ఇంజను విప్పి ఉంది. రెండు సైలెన్సర్ల పాత మోటారుసైకిలుది. ఆ కాలపు బండ్లు ఇంకా నడుపుకునేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో కొందరే మిగిలారు. వాళ్లందరూ మా ఆయన దగ్గరికే వచ్చేవారు.

కుడి చెయ్యి ఇక పెద్దగా పనిచేయకపోవచ్చని దవాఖానలో డాక్టరు చెప్పినప్పుడు నేను సరేనన్నాను. డాక్టరు నన్ను మరోసారి చూసి, అర్థమైందా అమ్మా అని అడిగాడు. అర్థమైందన్నాను. ఏడుపు వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. ఇంటికి తెచ్చాక అన్నం కలిపి పెట్టడం, పక్క మార్చడం, మూతి తుడవడం అన్నీ చేశాను. గట్టి మనిషి అన్నారు చుట్టాలు. గట్టితనం కాదది. లోపల ఏదీ కదలడం లేదు, అంతే.

రెండు నెలలకు ఆ బండి సొంతదారు, ఒక రైతు, పాన్‌గల్ నుంచి వచ్చాడు. ముసలాయన. గడప బయట చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని మా ఆయన కుడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతికి స్పర్శ తెలియదని నేను చెప్పలేదు.

"బండి కోసం రాలే బిడ్డా, సూసిపోదామని వచ్చిన," అన్నాడు నాతో. మళ్లీ, "సామానంత ఓ సంచిల ఏసిస్తె తీస్కపోత. ఇంకెవలన్న బిగిస్తరేమో అడుగుత," అన్నాడు.

"వద్దు," అన్నాడు మా ఆయన. మాట ముద్దగా వచ్చింది.

"మరెవరు చేస్తరు?" అన్నాను.

"నువ్వే."

పదేళ్లుగా ఆ షాపులో ఫోన్లు ఎత్తాను, సామాను తెప్పించాను, విప్పిన ముక్కలు పెట్రోలులో కడిగి ఇచ్చాను. ప్రతిదాని పేరూ తెలుసు. బిగించడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. రైతు కాదనలేదు. మోకాలు చూపించి, "ఊకె కిక్కు కొట్టనీకె అయితలేదు. జర అల్కగ స్టార్ట్ అయ్యేటట్టు చెయ్యిండ్రి, సాలు," అని వెళ్లాడు.

సిలిండరు లోపల అరిగిపోయింది. ముందు ఒక సైజు పెద్ద పిస్టన్ సంపాదించి, తర్వాత దాని కొలతకు సిలిండరును చెక్కించాలి. గద్వాల బస్సెక్కాను. చీరల దుకాణాల వెనక సందులో పాత బండ్ల సామాను అమ్మే అతనున్నాడు. అటక మీద నుంచి పిస్టన్, రింగులు, ఆయిల్ సీళ్లు దించాడు. ముసలాయన మోకాలి సంగతి చెప్పి, ఇంజనుకు నిప్పురవ్వ అందించే ప్లాటినం పాయింట్లు అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"అవి మాటిమాటికి గీకాలె అక్కా. వాటి జాగల ఎలక్ట్రానిక్ కిట్టు ఏయిండ్రి, ముసలాయనకు సుఖం. ఇంతకు అన్న ఎందుకు రాలే?"

చెప్పాను. పిస్టన్ అతని చేతిలోనే ఉండిపోయింది.

"గంత మాట గట్లెట్ల చెప్తున్నవ్ అక్కా, బస్సు టైము చెప్పినట్టు," అన్నాడు.

సీళ్ల సైజు సరిచూసుకుని, కిట్టుతో సహా అన్నీ తీసుకుని వచ్చేశాను.

తర్వాతి వారం సిలిండరును గోనెసంచిలో చుట్టి, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు తీసుకెళ్లి లేత్ షాపులో చెక్కించాను. ఇంటికొచ్చి మంచాన్ని బల్ల పక్కకు జరిపాను. ఆయన ఎడమ వేలితో చూపించేవాడు, నేను బిగించేదాన్ని. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ల వైపు ఉండాలి. రింగు రెండు కొసలూ పిస్టన్ గాడిలో ఉన్న చిన్న మేకు దగ్గర కలవాలి. కలిశాయనుకుని సిలిండరును కిందికి నొక్కాను. టప్పుమంది. రింగు విరిగింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. తిడతాడనుకున్నాను.

"నేను గూడ... ఇరగ్గొట్టిన. మూడు," అన్నాడు.

మళ్లీ గద్వాల వెళ్లి రింగులు తెచ్చాను. ఈసారి కొసలను గోటితో తడిమి చూసుకున్నాను. సిలిండరు మెల్లగా దిగి కూర్చుంది. కిట్టుకు వైర్లు కలపడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

రైతును పొద్దునపూట రమ్మన్నాము. అతని కళ్ల ముందే నేను కిక్కు కొట్టాను. రెండుసార్లు లేవలేదు. మూడోసారి ఇంజను అందుకుంది, షాపంతా తెల్లటి పొగ నిండింది. రైతు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. మంచం మీద మా ఆయన ఏడుస్తున్నాడు. నేను వంగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుందేమో చూశాను. కారడం లేదు.

"కాకా, పిస్టన్ కొత్తది, నెల దాంక మెల్లగ నడుపు," అన్నాను.

"నీ చెయ్యి మంచిదమ్మా," అని ముసలాయన బండెక్కి వెళ్లిపోయాడు.

ఆయన ఎవరికి చెప్పాడో ఏమో, ఆ తర్వాత ఇంకో ఇంజను వచ్చింది, మరొకటి వచ్చింది. మా ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని షాపు దాకా నడుస్తాడు. ఒక మధ్యాహ్నం నేను పని చేస్తుంటే నా మొహంలోకే చూస్తూ అడిగాడు.

"నా మీద కోపమా?"

"లేదు."

"మరి ఒక్కసారి గూడ ఏడ్వలేదేంది?"

"తెల్వదు," అన్నాను.

అబద్ధం కాదది. చేతులు కడుక్కుని లోపలికెళ్లి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.