మక్కకంకిలా ఒలిచిన మొగలిపువ్వు

జనగామ నుంచి కాటారం వెళ్లడానికి బుద్ధి ఉన్నవాళ్లెవరూ మానుకోట మీదుగా వెళ్లరు. నేను వెళ్లాను. కారణం ఒక పువ్వు.

కాటారంలో ఉంటున్న మా తమ్ముడి కోడలు లలితది బాపట్ల. ఆ సాయంత్రమే ఆమె సీమంతం. మోకాలి ఆపరేషన్ వల్ల తల్లి రాలేక, సముద్రపు ఒడ్డు ఇసుకలో పెరిగిన మొగలిపొద నుంచి ఒక పువ్వు కోయించి పంపింది. అది జడలో పెట్టుకోవాలని పిల్ల ఆశ. మానుకోటలో ఉద్యోగం చేసే లలిత అన్న దాకా వచ్చి పువ్వు ఆగిపోయింది. అతనికి సెలవు దొరకలేదు. "పెదమామయ్యగారూ, మీరైతే జాగ్రత్తగా తెస్తారు," అని లలిత ఫోన్ చేసింది. నా మీద అంత నమ్మకం మా ఇంట్లోనే ఎవరికీ లేదు. ఉబ్బిపోయాను.

ఉదయం ఆరున్నరకు జనగామలో రైలెక్కాను. కాటారానికి దగ్గరైన వరంగల్ కిటికీలోంచి వెనక్కి పోతుంటే ప్రాణం ఉసూరుమంది. తొమ్మిది దాటాక మానుకోట స్టేషన్ బయట ఇడ్లీ తింటుండగా లలిత అన్న వచ్చి, తడిబట్టలో చుట్టిన పొడవాటిదేదో చేతిలో పెట్టాడు. "ముళ్లుంటాయండి, జాగ్రత్త," అన్నాడు. విప్పి చూశాను. పువ్వా ఇది? అచ్చం మొక్కజొన్న పొత్తు, మా మక్కకంకి! బచ్చన్నపేటలో మా చేను నిండా ఇలాంటివే.

నర్సంపేటలో బస్సు మారాను, పరకాలలో మళ్లీ మారాను. ఈ దారిన వెళ్లదలచినవారు నర్సంపేటలోనే అన్నం తినండి. పరకాలలో నాకు బస్సు దొరికింది గాని తినే తీరిక దొరకలేదు. బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, నాకు సీటు లేదు.

మూడింటికి భూపాలపల్లిలో కాటారం బస్సెక్కి నిలబడ్డాను. బ్రేకు పడ్డప్పుడల్లా నా చంకలోని పువ్వు ముందున్న ఒకామెను పొడుస్తోంది.

"ఏందన్నా గది, తుమ్మకంపనా? నా వీపు చీరుకపోతున్నది!"

"పువ్వక్కా."

"గిట్ల పొడిచే పువ్వు యాడన్న ఉంటదా?"

బస్సంతా నవ్వింది. నాకు రోషం వచ్చింది. ఎన్ని మక్కలు ఒలిచిన చేతులివి! ముళ్ల పొరలన్నీ బరబరా ఒలిచేశాను. రుచి గింజలో ఉన్నట్టే వాసన కూడా లోపలే ఉంటుందని నా లెక్క. కిటికీ పక్కనున్న అవ్వ చెయ్యి చాపింది. "నాయినా, గా ఆకు పారేయకు. మా మేకకేస్త." పుణ్యం కూడా వస్తుందని మొత్తం ఆమె ఒడిలో పోశాను. కాటారానికి ముందరి ఊళ్లో ఆమె దిగిపోయింది.

ఇంట్లో లలిత అప్పటికే పీట మీద కూర్చుని ఉంది. ఆత్రంగా బట్ట విప్పింది.

"రేకులేవి మామయ్యగారూ?"

"ఒలిచే తెచ్చినమ్మా, నీకెందుకు కష్టమని."

"జడలో పెట్టేది ఆ రేకులేనండీ. మా అమ్మ పంపింది..." అంటూ ఏడ్చేసింది.

"యాడ పడేసినవు బావా?" అని మరదలు అరిచింది.

"మేకకు..." అన్నాను.

ఆటో పట్టుకుని వెనక్కి ఉరికాను. అవ్వ ఇల్లు కనుక్కునేసరికి గుంజకు కట్టిన మేక ఏదో నములుతోంది. రెండు చేతులతో దవడలు పట్టుకుని నోట్లోకి తొంగిచూశాను.

"మా మేక పండ్లు జూస్తున్నవేంది, కొంటవా?" అంటూ అవ్వ బయటికి వచ్చింది. ఆమె తెల్లటి కొప్పులో మొగలిరేకులు! మేక వాసన చూసి తుమ్మిందట. ఆమెకు మాత్రం మనసైందట. మిగతావి చీరల పెట్టెలో దాచుకుంది.

"ఇచ్చినంక వాపస్ అడుగుడేంది?" అని గదమాయించింది.

జరిగిందంతా చెప్పాను. తల్లి రాలేకపోయిందనగానే ఆమె కొప్పులోవి కూడా తీసి నా చేతిలో పెట్టింది. "నడువు. ఆ పిల్లకు జడ నేనేస్త," అంది. వేసింది కూడా. లలిత అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు.

మర్నాడు పొద్దున అవ్వా నేనూ ఒకే బస్సులో తిరుగుముఖం పట్టాం. కాటారం దారిలో అడవి చూడదగ్గదని అంటారు. నేను చూసింది మాత్రం మేక నోరు. అంతలో లలిత తల్లి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, జడ ఫొటో చూశాను. నేనే వేసినట్టుంది. పువ్వు నలగకుండా ఎంత జాగ్రత్తగా తెచ్చారో!"

"అదేముందమ్మా, నేరుగా ఇంటికే తెచ్చిన," అన్నాను.

పక్కనున్న అవ్వ ఫోన్ మీదికి వంగింది.

"నేరుగనే తెచ్చిండు బిడ్డా, జర మా మేకకు చూపిచ్చి!"