ఇంటి వెనక కానుగ

రామక్కకు చెట్ల పిచ్చని వాడకట్టంతా నవ్వేది. నవ్వరా మరి! ఎమ్మిగనూరు దాపున ఉన్న ఆ పల్లెలో ఎండాకాలం తాగేనీళ్లకే బిందెలు వరసలో ఉంటాయి. ఆమె మాత్రం బట్టలు ఉతికిన నీళ్లు కూడా మోసుకెళ్లి ఇంటి వెనక కానుగ మొదట్లో పోసేది. వాకిట్లో వేపకు మిగిలితే మిగిలినట్టు.

ఆ కానుగ కింద ఆమె తొలిచూలు బిడ్డ ఉంది. పుట్టిన పదకొండో రోజు, పేరన్నా పెట్టకముందే పోయింది. మొగుడు మారెప్ప ఇంటి వెనకే పూడ్చి, కుక్కలు తవ్వకుండా పైన మొక్క నాటాడు. అట్లా పోయిన పసిగుడ్డు మాట తర్వాత పుట్టిన పిల్లల చెవిన పడితే వాళ్లకు కీడని అత్త గట్టిగా చెప్పింది. అత్తా పోయింది, మారెప్పా పోయాడు. కొడుకు తిరుపాల్‌కు ఇరవై ఆరేళ్లొచ్చినా రామక్క నోరు విప్పలేదు. మిగిలింది వాడొక్కడే, ఆమె భయం ఆమెది.

ఈ ఏడు కూడా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, కోతల కూలికి వలస పోయింది. కొత్త ఇల్లు కట్టించడానికి తిరుపాల్ ఊళ్లోనే ఉండిపోయాడు. ఒకరోజు చేలో ఉండగా వాడి ఫోను వచ్చింది.

"మా, ఇల్లు ముందుకు జరిపితే వేప పోతాది, ఎనక్కి జరిపితే కానుగ పోతాది అంటాడు మేస్త్రి. ఏది కొట్టాల?"

"వేప కొట్టు. కానుగ జోలికి పోవద్దు."

"నాయిన మంచమేసుకొని పండుకునే చెట్టు గదమ్మా!"

"సెప్పింది సెయ్యప్పా."

ఎందుకో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఫోను పెట్టేసి మళ్లీ కోతలో పడింది.

రెండు నెలలకు ఆటో దిగేసరికి వాకిట్లో వేప పచ్చగా నిలబడి ఉంది. రామక్క మూట అక్కడే పడేసి వెనక్కి పరుగెత్తింది. కానుగ లేదు. ఆ చోట మరుగుదొడ్డి గుంతకు సిమెంటు రింగులు దించి ఉన్నాయి.

తిరుపాల్ నవ్వుతూ వచ్చాడు. "నువ్వు పైకి అట్లంటావ్ గానీ, నాయిన చెట్టు పోతే తట్టుకుంటావా మా? అందుకే ఎనక్కి జరిపిచ్చినా."

అంత ప్రేమగా చేసినవాణ్ణి ఏమని తిట్టేది? ఆమె గుంత అంచుకు పోయి లోపలికి తొంగిచూసింది.

"గుంత తీసిన మన్ను యాడేసినార్రా?"

"యాడేస్తాం? నడింట్లోకే పోసి, దిమ్మిస కొట్టిచ్చినా. రా, సూపిస్తా." వాడు ముందు నడిచి నడింటి మధ్యలో నిలబడ్డాడు. ఇంకా బండలు పరవలేదు.

రామక్క లోపలికి అడుగు పెట్టలేక గడప దగ్గరే కూలబడింది. ఇన్నేళ్లు దాచిన మాట ఏడుపుతో పాటు బయటపడింది.

"నీకంటే ముందు ఒగ ఆడబిడ్డ పుట్టింది, తిరుపాలూ. నీ అక్క. ఆ కానుగ కిందనే పండుకోబెట్టినాం."

తిరుపాల్ తన కాళ్ల కిందికి చూశాడు. పక్కకు జరగబోయి ఆగిపోయాడు. నడిల్లంతా ఆ మన్నే.