మంచం చుట్టూ మీటింగు

కౌన్సిల్ ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క గుమాస్తాను తీరమంతా ‘గుమాస్తా అక్క’ అనే పిలిచేది. ఇరవై రెండేళ్లుగా ఆ ఒంటిగది తాళం తీసేదీ వేసేదీ ఆమే. ఉప్పుగాలికి కిటికీ బందులు మూడుసార్లు తుప్పుపట్టి ఊడిపోయాయి గానీ, ఆమె మినిట్స్ పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు.

అరవై కిలోమీటర్ల ఇసుక, విసిరేసినట్టున్న ఇళ్లు, నాలుగు వందల జనం. సభ్యులు ఏడుగురు. నలుగురు లేనిదే మీటింగు చెల్లదు. గాలివానలకు వరుసగా రెండు మీటింగులు తప్పిపోయాయి. మూడోదీ తప్పితే కౌన్సిల్‌ను రద్దుచేసి పట్టణంలో కలిపేస్తామని పై ఆఫీసు ఉత్తరం పంపింది. కలిపితే వారం వారం వచ్చే నర్సు పడవ ఆగిపోతుంది. ఒకప్పుడు గుమాస్తా అక్క తల్లిని బతికించింది ఆ పడవే.

ముగ్గురు సభ్యులు వేటకు పోయి నడిసముద్రంలో ఉన్నారు. మిగిలిన నలుగురిలో రిటైరైన లైట్‌హౌస్ కాపలాదారు తుంటి విరిగి మంచానపడ్డాడు.

“ఇంకేం చేస్తాం అక్కా, చేతులెత్తేద్దాం,” అన్నాడు అధ్యక్షుడు.

“ఎత్తుదురుగాని, మీటింగులో,” అందామె.

నిబంధనల పుస్తకం ఆమూలాగ్రం తిరగేసింది. మీటింగు ఆఫీసులోనే జరగాలని ఎక్కడా లేదు. కౌన్సిల్ హద్దుల్లో ఎక్కడైనా సరే, మూడు రోజుల ముందు సభ్యులందరి ఇళ్లకూ నోటీసు చేరాలి. కాపలాదారు ఇంట్లోనే మీటింగని నోటీసులు రాసింది. సైకిలు సాగినంత మేర సైకిలు, ఇసుకలో దిగబడ్డచోట నడక. మోకాళ్లు వాచినా ఏడు గడపలూ తొక్కింది.

మీటింగు రోజున కాపలాదారు గడ్డం గీయించుకుని, పాత యూనిఫాం కోటు తొడిగించుకున్నాడు. అధ్యక్షుడు కుర్చీలో, మిగతా ఇద్దరు ట్రంకుపెట్టె మీద సర్దుకున్నారు.

“బాబాయ్, పడుకునే చెయ్యెత్తండి, చాలు,” అంది గుమాస్తా అక్క.

“సభలో పడుకుంటానా? నన్ను లేపవే!” అని భార్యను కేకేశాడు.

నొప్పికి పళ్లు బిగించి కూర్చున్నాడు. కౌన్సిల్ ఉండాలి, పడవ రావాలి అని తీర్మానం. నాలుగు చేతులూ లేచాయి. ఆయన చెయ్యి వాలిపోతుంటే భార్య మోచేతికింద ఆసరా ఇచ్చి, “ఓటు ఆయనదేనమ్మా. మోచెయ్యి మాత్రం నేను పట్టుకున్నా. అదీ రాసుకో,” అంది. గుమాస్తా అక్క నవ్వు ఆపుకుంటూ పొల్లుపోకుండా రాసింది.

పది రోజులకు పై అధికారి విచారణకు దిగాడు. “మంచం చుట్టూ మీటింగేంటమ్మా?”

ఆమె నిబంధన ఉన్న పేజీ ముందుపెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టాడు.

కౌన్సిల్ నిలిచింది. ఊరికే ఊపిరి పీల్చుకుంటే సరిపోదనుకుంది గుమాస్తా అక్క. ఇకపై మీటింగు నెలకో సభ్యుడి ఇంట్లో జరగాలంటూ తర్వాతి ఎజెండాలో మొదటి అంశంగా రాసి, నోటీసులు సంచిలో వేసుకుని బయల్దేరింది.