మూడు మేకలు మిగిలినాక

పోయిన మంగళవారం పొద్దున ఆదోని నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడు పాపా" అంది. ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా నాయన స్నేహితుడు, వరస కలుపుకున్న మామ. పులిమేక లాంటి పాత ఆటలను గుడ్డ మీద అచ్చు వేయించి అమ్మిన మనిషి. ఆ అచ్చు వేసేది ఎమ్మిగనూరులోని మా షెడ్డులోనే.

మొదట్లో ఆయన పత్తి మిల్లులో బేళ్ల మీద నంబర్లు వేసేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, బేలు చుట్టే గుడ్డ ముక్క మీద అదే సిరాతో గళ్లు గీసి హమాలీలను ఆటకు కూర్చోబెట్టేవాడు. ఆ గుడ్డను ఎవరో అడిగి తీసుకుపోయారు. మర్నాడు ఇంకొకరు అడిగారు. వ్యాపారం అలా మొదలైంది. తర్వాత మగ్గం గుడ్డ, మా నాయన చేతి అచ్చు. ఆదివారాలు సైకిల్ మీద ఊళ్లు తిరిగి, అరుగుల మీద, బండల మీద చెక్కిన ఆటలను కాగితంలోకి ఎత్తుకొచ్చేవాడు. అలా ఆరు ఆటలు తెచ్చాడు.

ఆయనదో మొండిపట్టు. నియమాలు గుడ్డ కింది మూలన ఉండాలి. కానీ ఆ ఆటలో ఓడినవాళ్లు ముగ్గురు వాటిని తమ నోటితో తిరిగి చెప్పందే అచ్చుకు ఇచ్చేవాడు కాదు. "గెలిచినోనికి ఏం తెలుస్తాది? ఓడినోన్ని అడగాల" అనేవాడు. ఆ ఓడే పని ఎక్కువగా నాదే. జీతం లేని ఉద్యోగం.

ఏడో ఆట పెద్దకడుబూరులో దొరికింది. ఒక ముసలి గొర్రెలాయన ఊరి బయట బండ మీద ఆడి చూపించాడట. మూడు పులులు, పదిహేను మేకలు, వాటితో పాటు ఒక కాపరి. మేకలకు చింతపిక్కలు, కాపరికి తన పాత చొక్కా గుండీ పెట్టేవాడు మామ. పులులు తినగా మేకలు మూడే మిగిలినప్పుడు కాపరికి ఒక కొత్త ఎత్తు వస్తుందట. ఏమిటది మామా అంటే చెప్పడు.

"సెప్తే రాదు పాపా. ఆడితే వస్తాది."

మేకల వైపు చాలాసార్లు ఆడాను. ఐదు మేకలకు వచ్చేసరికి ఇక లాభం లేదని చేతులెత్తేసి, పనుందని లేచేదాన్ని. "యాడికి పోతావు? ఇంగా ఐదుండాయి కదా" అనేవాడు, పిక్కలు ఏరుకుంటూ.

పైగా తొందర నాదే. జాతరకు సరుకు కావాలి, ముందు గళ్లు కొట్టేద్దాం, నియమాలు తర్వాత చూద్దామని మూడు వందల గుడ్డలు అచ్చు వేశాను. ఇంతలో ఆయనకు జ్వరమన్నారు, ఆసుపత్రి అన్నారు. మంచం పక్కన నిలబడ్డాను. ముక్కుకు గొట్టం పెట్టిన మనిషిని ఆట గురించి అడగడానికి సిగ్గేసింది. ఆ సిగ్గును ఏం చేసుకోను ఇప్పుడు?

దినం కాకముందే పెద్దకడుబూరు పరుగెత్తాను. ఆ ముసలాయన ఎప్పుడో పోయాడు. "మా నాయన ఆడుతుండె గానీ మాకు రాదక్కా" అన్నాడు కొడుకు. బండను మురుగుకాలువ మీద బోర్లా వేశారు. తిప్పి చూసినా గీతలే ఉంటాయి, ఎత్తు ఉండదు. అయినా దాని పక్కనే కూర్చుని ఏడ్చాను. అత్తను అడిగితే, "నేనెప్పుడు కూసుంటి పాపా, వంటింటికే సరిపోయె" అని ఆమే ఏడ్చింది.

ఇది చదివేవాళ్ల ఇళ్లలో గొర్రెలు కాసిన పెద్దలుంటే ఒక్కసారి అడగండి. అంతకంటే నాకు దారి లేదు.

షెడ్డులో మూడు వందల గుడ్డలున్నాయి. అన్నిటికీ కింది మూల ఖాళీ. ఒకదాన్ని నేల మీద పరిచి, పులులూ నేనే, మేకలూ నేనే ఆడుతున్నాను. ఈసారి ఐదు దగ్గర లేవలేదు. నాలుగయ్యాయి. మూడయ్యాయి. మూడు చింతపిక్కల నడుమ మామ చొక్కా గుండీ. దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను, ఎటు జరపాలో తెలియక.