సుందరరావు కడిగిన మూడు సీసాలు

కువైట్‌లో, అర్దియాలోని ఒక లాబొరేటరీలో సీసాలు కడిగే రాయచోటి బుడేన్ సాహెబ్ మీద 1983 ఎండాకాలంలో ఒక నింద పడింది. పశువుల టీకాల కోసం సీసాల్లో పెంచే కణాలు మూడు వారాలుగా చచ్చిపోతున్నాయి. వాటిని పెంచే డాక్టర్ సుందరరావుది కాకినాడ. పెద్ద చదువులే చదివాడు గానీ, ఆడలేక మద్దెల ఓడనే రకం.

"సీసాల్లో సబ్బు మిగిలిపోతోందయ్యా. ఇలాగైతే నీ ఇఖామా కాగితం మీద నేను సంతకం పెట్టలేను," అనేశాడు.

ఇఖామా గడువు ఇంకా పదిహేను రోజులే. అది లేకపోతే కువైట్‌లో ఉండనివ్వరు. బుడేన్ సాహెబ్ హడలిపోయాడు. కాకపోతే, భయం వేసినప్పుడే ఆయనకు తుంటరి ఆలోచనలు కూడా పుడతాయి.

కణాలకు తిండి సీరం. పశువు రక్తం గడ్డకట్టాక పైన తేరుకునే పసుపు నీరు అది. ఏది మంచిదో పెంచి చూస్తే గానీ తెలియదు. అందుకే మూడు నమూనాలు తెప్పించారు. రెండు దూడవి, ఒకటి గుర్రానిది. దూడవాటిలో ఒకటి ఇన్నాళ్లూ వాడుతున్న కంపెనీదే, కొంచెం ఎర్రగా ఉంది. బాగున్నదాన్ని ఏడాదికి సరిపడా కొనాలి.

"సారూ, ఒగ మాట. మూడు సీరాలకీ మూడు సీసాలు నేను కడుగుతా, మూడు మీరు కడగండి. మీయి బతికి నాయి చస్తే, నేనే టికెట్ కొనుక్కోని రాయచోటికి పోతా," అన్నాడు బుడేన్ సాహెబ్.

"అలాగే కానియ్యి," అని సుందరరావు చొక్కా చేతులు మడిచాడు. ఇంట్లో తాగిన గ్లాసు కూడా కడిగి ఎరగని మనిషి. మోచేతుల దాకా నురగ చేసి, సీసాలు కిర్రుమనేలా తోమి, రెండుసార్లు నీళ్లు పోసి పైకెత్తి చూపించాడు.

"చూడు, అద్దంలా లేదూ?"

"అద్దమే సారూ!"

సబ్బు పోవడానికి పదిసార్లు నీళ్లతో కడగాలని సుందరరావే రాసి అంటించిన కాగితం ఎదురుగా గోడ మీదే ఉంది. దాన్ని గుర్తు చేయాలని బుడేన్ సాహెబ్‌కు ఎందుకో తోచలేదు. తన సీసాలను మాత్రం, నమాజు తర్వాత అల్లా నామం లెక్కపెట్టుకున్నట్టే వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతూ, పదేసిసార్లు కడిగాడు.

అయిదో రోజు సుందరరావు మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. తన మూడు సీసాల్లోనూ కణాలు చచ్చి తేలుతున్నాయి. బుడేన్ సాహెబ్ సీసాల్లో గుర్రం సీరానిది ఒక మోస్తరు, కొత్త కంపెనీ దూడ సీరానిది నాటిన మడిలా నిండుగా ఉంది. ఎర్ర సీరం పోసినదాంట్లో ఒక్క కణం బతకలేదు. ఆ కంపెనీ సీరాన్ని నెల కిందట ఏరి కోరి తెప్పించింది సుందరరావే; కణాలు చావడం మొదలైందీ అది వచ్చాకే.

ఆయన గోడ మీది కాగితం చదివాడు, బుడేన్ సాహెబ్ వైపు తిరిగాడు.

"చూస్తూ ఊరుకున్నావన్నమాట!"

"పెద్దోళ్లు పని చేస్తాంటే అడ్డం మాట్లాడేది బాగుండదు గదా సారూ."

సుందరరావుకు సిగ్గేసింది. "తప్పు నాదేలేవయ్యా," అని ఇఖామా కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇఖామా జేబులో పడిన మర్నాడు పొద్దున బుడేన్ సాహెబ్ తెచ్చిన టీ సుందరరావు ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఇదేంటయ్యా, సబ్బు కొడుతోంది!"

"గ్లాసు రెండుసార్లే కడిగినా సారూ," అన్నాడు బుడేన్ సాహెబ్ వినయంగా. "మీ లెక్కే."