మౌస్ నా చేతిలోనే ఉంది

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకన. హాస్టల్లో లిఫ్ట్ తనంతట తానే ఆగిందని ఎవరైనా వణికితే, మెకానిక్‌కు ఫోన్ చేయమనేదాన్ని. దయ్యాలను నమ్మకపోవడం ఒక్కటే కాదు, నమ్మేవాళ్ల తెలివి మీద కూడా నాకు నమ్మకం లేదు. ఇప్పుడిది రాస్తుంటే ఆ చులకన నా మీదికే తిరుగుతోంది. అయినా జరిగింది జరిగినట్టే చెప్తాను.

డిగ్రీ అయ్యాక ఏడాది దాకా ఉద్యోగం కోసం తిరిగాను. అమీర్‌పేటలో కోర్సు చెప్పినాయన, లేని మూడేళ్ల అనుభవం ఉన్నట్టు రాసుకోమన్నాడు. ఇంటర్వ్యూల్లో కంప్యూటర్ గురించి అడిగినవాళ్లు తక్కువ. నవ్వుతూ మాట్లాడగలవా అని మాత్రం అందరూ అడిగారు. ఫోన్లో నవ్వు ఎవరికి కనిపిస్తుందో వాళ్లకే తెలియాలి.

చివరికి మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ తీసుకుంది. రక్తపరీక్షల ల్యాబులు వాడే సాఫ్ట్‌వేర్‌కు టెక్నికల్ సపోర్ట్. ల్యాబువాళ్లు ఫోన్ చేస్తే, వాళ్ల కంప్యూటర్ తెరను మా దగ్గర తెరిచి, ఇక్కడి మౌస్‌తోనే దాన్ని నడిపి బాగుచేయాలి. ఆరు నెలలు ప్రొబేషన్.

మా టీమ్ లీడ్ ప్రవీణ్‌కు కంప్యూటర్ కంటే గడియారం బాగా తెలుసు. కాల్ ఎనిమిది నిమిషాలు దాటితే వెనక వచ్చి నిలబడేవాడు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు: సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం.

నాకు పని నేర్పింది యాదగిరన్న. నలభై దాటిన మనిషి. ఒక్కో కాల్‌కు అరగంట తీసుకునేవాడు. అవతలి తెర మీద నోట్‌ప్యాడ్ తెరిచి, తాను చేస్తున్నదంతా ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగులో రాసి ల్యాబువాళ్లకు చూపించేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. అందరికంటే గట్టిగా నేనే నవ్వేదాన్ని. నేను చేరిన మూడో నెలలో ఆయన్ను తీసేశారు. ఆయన సీటు నాకిచ్చారు.

ప్రొబేషన్ ఆఖరి వారం, బుధవారం. మధ్యాహ్నం మూడు దాటింది. పాలకొల్లు వైపు ఒక ల్యాబు నుంచి రాజేశ్వరి అనే ఆవిడ ఫోన్ చేసింది. ఆపరేషన్‌కు తీసుకెళ్లాల్సిన పేషెంట్ రిపోర్టు తెరుచుకోవడం లేదట. ఆటో బయట ఆగి ఉందట. పొద్దున టీ ఒలికి మౌసూ కీబోర్డూ పాడైతే, రెండూ ఊడదీసి ఎండలో పెట్టిందట.

"మా చేతిలో ఏమీ లేదండీ. మీరే ఎలాగోలా చూడాలి," అంది.

టీ తాగడానికి అక్కడే చోటు దొరికిందా అని మనసులో తిట్టుకుంటూ వాళ్ల తెర తెరిచాను. ఏదేదో చూశాను, ఏమీ తేలలేదు. ఎనిమిది నిమిషాలు దాటాయి. ప్రవీణ్ వచ్చి, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్ అని పక్క సీటు వైపు వెళ్లాడు. సరే, నాదేం పోయిందని బాణం గుర్తును అన్‌ఇన్‌స్టాల్ బటన్ మీదికి తెచ్చాను.

అది పక్కకు జరిగింది.

నా చెయ్యి మౌస్ మీదే ఉంది. కదపలేదు. బాణం తిన్నగా వెళ్లి నోట్‌ప్యాడ్ తెరిచింది. ఒక్కో అక్షరం పడింది. ఆగు, బ్యాకప్ లేదు అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. ఆ తర్వాత బ్యాకప్ ఉండాల్సిన ఫోల్డర్ తెరుచుకుంది. ఖాళీ. నేను ఆ బటన్ నొక్కి ఉంటే ఆ పేషెంట్‌దే కాదు, ల్యాబులో ఉన్న రిపోర్టులన్నీ పోయేవి.

బాణం కింది మూలకు వెళ్లి కంప్యూటర్ తేదీ చూపించింది. ఏళ్ల వెనకటి తేదీ. కరెంటు పోయి వచ్చినప్పుడు మారినట్టుంది. ఆ తేదీకి ఇంకా పుట్టని రిపోర్టును సాఫ్ట్‌వేర్ తెరవడం లేదు. నేను చూస్తుండగానే తేదీ సరైంది. రిపోర్టు తెరుచుకుంది. ప్రింట్ వస్తోందని అవతల రాజేశ్వరి ఏడుపు గొంతుతో చెప్పింది.

ప్రవీణ్ తన సీటు నుంచి చేసి ఉంటాడనుకున్నాను. అడిగితే కాదన్నాడు. మర్నాడు మీటింగ్‌లో మాత్రం తాను చెప్పబట్టే ఆ కాల్ గట్టెక్కిందన్నాడు. ఆయన నుంచి నేను అంతకంటే ఆశించలేదు. కాల్ నడిచేటప్పుడు తెర మీద జరిగేదీ, మేం నొక్కే మీటలూ అన్నీ మా దగ్గర రికార్డవుతాయి. ఆ రికార్డింగ్ తీసి చూశాను. ఆ కంప్యూటర్‌కు కనెక్ట్ అయింది నా సిస్టమ్ ఒక్కటే. ఒక అక్షరం తప్పు పడితే చెరిపి మళ్లీ కొట్టడం కూడా అందులో ఉంది. ఆ సమయంలో నా కీబోర్డ్ మీద ఒక్క మీటా నొక్కినట్టు లేదు.

ఆదివారం గోపన్‌పల్లి వెళ్లాను. యాదగిరన్న అక్కడ యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ దుకాణం నడుపుతున్నాడు. జరిగింది అప్పటికి బయటివాళ్లెవరికీ చెప్పలేదు. ఆయనకూ ఇంకా చెప్పలేదు. ఎట్లున్నవమ్మా అని కుర్చీ వేసి, తనే మొదలుపెట్టాడు.

"మొన్న బుధవారం మూడింటికి దుకాణంల జర కునుకు పట్టింది. కలల నీ సీట్ల నేనే కూసున్న. నువ్వు తప్పు బటన్ మీదికి పోతుంటే గుంజిన. తేదీ మార్చిన. గా పేషెంట్‌కు రిపోర్టు అందిందా?"

అందిందన్నాను. ఇక దాచలేక, ఆయన పనికిరాడని ఫీడ్‌బ్యాక్ రాసి ప్రవీణ్‌కిచ్చింది నేనేనని చెప్పాను.

"ఎరుకే. తీసేసిననాడు నీ సంతకం సూపెట్టిన్రు," అని లేచి, బయట నిలబడ్డవాళ్ల కాగితాలు అందుకున్నాడు.

నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. తర్వాత రెండు కంపెనీలు మారాను, ఇప్పుడు నా కింద ఒక టీమ్ ఉంది. రోజంతా ఇతరుల కంప్యూటర్లకు ఏమైందో కనిపెట్టి చెప్పడమే నా పని. ఆ బుధవారం ఏమైందో మాత్రం చెప్పలేను. దయ్యం అందామంటే మనిషి బతికే ఉన్నాడు. పొరపాటు అందామంటే రికార్డింగ్ నా కళ్లతో చూశాను. ఆ చెయ్యి అక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నా కోసం ఎందుకు వచ్చిందో అసలే తెలియదు.