మావయ్య చెవి, టర్బో బండి

మొన్న భోజనాల దగ్గర మా అల్లుడుగారు ఫోను నా ముందు పెట్టి, ఎవరో మోటారుసైకిలుకి టర్బో బిగించి రోడ్డు మీద దూసుకుపోతున్న వీడియో చూపించి, ఇలాంటివి మీ రోజుల్లో ఉండేవా మావయ్యగారూ అని అడిగారు. ఉండేవి బాబూ అనబోయి, అన్నం కలుపుకోవడంలో పడ్డాను. మా ఆవిడ మాత్రం పెరుగు గిన్నె అక్కడ పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తొంభైల చివర్లో మాట. రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టుకి దగ్గర్లో మా మేనమామ మెకానిక్ షెడ్డు. నాకు పిల్లనిచ్చిన మామా ఆయనే, స్పానరు చేతికిచ్చిన గురువూ ఆయనే. కంప్యూటర్లు లేని ఆ కాలంలో కార్బురేటర్ సెట్టింగంటే చెవి పనని మన ఈడు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆయన స్క్రూ పావు చుట్టు తిప్పి, తల పక్కకి వంచి, ఇంజను శబ్దం విని, మళ్లీ వెంట్రుకవాసి వెనక్కి తిప్పేవారు. కాకినాడ నుంచి కూడా ఆయన్ని వెతుక్కుంటూ బళ్లు వచ్చేవి. ట్రయల్‌కి నేను నడిపితే ఆయన వెనక కూర్చుని వినేవారు, తేడా వినపడిన చోట నా భుజం తట్టేవారు, నేను బండి ఆపేవాణ్ణి. మా ఇద్దరి మధ్య అంతకుమించి మాటలుండేవి కావు.

ఆ తట్టడం క్రమంగా తగ్గిపోయింది. ఇంట్లో టీవీ పెడితే వీధి చివరికి వినిపించేది. ఆయన చెవి మందగిస్తోందని నాకు తెలుసు, మా ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలిసే ఉంటుంది. పైకి అన్నవాళ్లు మాత్రం లేరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని లోకమంతా మాటవరసకి అనేస్తుందే, ఆ సామెత మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. ఆయన సెట్ చేసిన బళ్లని, ఆయన భోజనానికి వెళ్లాక నేను మళ్లీ విప్పి సరిచేసి ఇచ్చేవాణ్ణి. పెద్దాయన పరువు కాపాడుతున్నానని లోపల్లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. గర్వమట, నా మొహం.

అలాంటి రోజుల్లో మా బావమరిది, అంటే మావయ్య ఒక్కగానొక్క కొడుకు, కాకినాడ పాత ఇనుప సామాన్ల కొట్లోంచి ఏదో చిన్న విదేశీ కారుదట, ఒక టర్బోని పాత లుంగీలో చుట్టి చంటిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు పట్టుకొచ్చాడు. తన మూడువందల యాభై సీసీ బండికి అది బిగించి తీరాలని పంతం. మావయ్య మొదటిరోజు తిట్టారు, రెండోరోజు ఆయనే పనిలోకి దిగారు. టర్బో అంటే సైలెన్సర్‌లోకి పోయే పొగ బలంతో తిరుగుతూ ఇంజన్లోకి గాలి కుక్కే యంత్రం. గాలి ఎంత ఎక్కువ పోతే పెట్రోలూ అంత ఎక్కువ పోవాలి, లేకపోతే వేడికి పిస్టను కరిగిపోతుంది. ట్యాంకులోంచి దానంతటదే దిగే పెట్రోలు ఆ ఒత్తిడికి ఎదురు రాలేదు గనక పంపు పెట్టాం, కార్బురేటర్ గిన్నెలోకీ అదే ఒత్తిడి అందేలా ట్యూబు వేశాం, కంసాలి దగ్గర సన్నటి డ్రిల్లు అడిగి తెచ్చి, పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రాన్ని పెద్దది చేశాం. ఎంత పెద్దది చెయ్యాలో చెప్పే పుస్తకం మా దగ్గర లేదు, చెవే చెప్పాలి.

అన్నీ బిగించిన మర్నాడు పొద్దున్న మావయ్యా నేనూ ట్రయల్‌కి వెళ్లాం. ఏటిగట్టు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పగానే టర్బో ఈల మొదలైంది, దాని వెనకే డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఇంజన్లో టకటకమని చప్పుడు. పెట్రోలు చాలక ఇంజను మొత్తుకోవడమది. భుజం మీద చెయ్యి పడుతుందని చూశాను. పడలేదు. గట్టు దిగి మళ్లీ ఎక్కించాను, ఈసారి ఇంకా గట్టిగా మోగింది. అప్పుడూ పడలేదు.

తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు గెలల వ్యాపారులూ లారీ డ్రైవర్లూ వింత చూడటానికి మూగి ఉన్నారు. మావయ్య దిగి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, సెట్టయిపోయిందన్నారు. జెట్టు ఇంకొంచెం పెంచితే మంచిదేమో అని నేను నసిగితే, శబ్దం సాఫీగా ఉంది, ముట్టుకోకు అన్నారు. మీకు వినపడలేదు మావయ్యా అని అంతమంది ఎదుట ఎలా అనను? ఎప్పటిలాగే ఆయన భోజనానికి వెళ్లాక మార్చేద్దాంలే అనుకున్నాను. ఈలోగా బావమరిది బండెక్కేశాడు. ప్లగ్గు వేడికి మాడిందేమో ఒకసారి చూడాలి, ఆగమని హ్యాండిల్ పట్టుకున్నాను.

"నాన్నే సరే అన్నాక నువ్వేంటి బావా?" అని నా చెయ్యి మెల్లిగా తీసేసి వెళ్లిపోయాడు.

వాడు వెళ్లిన వైపు చూస్తూ నిలబడ్డాను. అంతకుమించి ఏమీ చెయ్యలేకపోయాను. కాసేపటికే ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్పారు. పిస్టనుకి రంధ్రం పడి, ఇంజను పట్టేసి, వెనకచక్రం బిగుసుకుపోయి బండి వాణ్ణి హైవే మీద ఈడ్చుకుపోయిందట. ప్రాణం దక్కింది గాని కుడి మోకాలు దక్కలేదు. కాకినాడ ఆసుపత్రిలో రాడ్లు వేశారు, ఆ కాలు మళ్లీ మడత పడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎంత జెట్టు వేసి ఉంటే సరిపోయేదో ఆసుపత్రి వరండాలో కూర్చుని లెక్కలు కడుతూనే ఉన్నాను.

మావయ్య వచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చుని అడిగారు.

"గట్టు దగ్గర నీకేమైనా వినపడిందిరా?"

"లేదు మావయ్యా." ఆయనకి అందాలని కాస్త గట్టిగానే అన్నాను.

"నాకైతే ముసలితనం వచ్చింది. నీకేం వచ్చిందిరా?"

ఆయన మళ్లీ అడగలేదు, స్క్రూడ్రైవరూ మళ్లీ ముట్టలేదు. ఆయన పోయాక కూడా బావమరిది, నాన్న సెట్టింగులో లోపం లేదు బావా, నేనే ఎక్కువ తిప్పేశాను అంటూనే ఉన్నాడు. కాదురా అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేకపోయాను.

ఇప్పుడు మా షెడ్డులో పనిచేసేవాళ్లు, మీరు పొరపాటు చేశారండి, చూసుకోలేదు అని కస్టమర్ల ముందే నా మొహాన అనేస్తారు. ఒళ్లు మండిపోతుంది, నిజమే. ఆ తరవాత వెళ్లి చూస్తే, చాలాసార్లు వాళ్లు చెప్పిందే సరి. మన ఈడు వాళ్లు నలుగురం చేరితే, మన కాలంలో పెద్దలంటే ఎంత మర్యాదండీ అని మురిసిపోతుంటాం, నేనూ తలూపుతాను. గుమ్మంలో మా బావమరిది చేతికర్ర చప్పుడు వినపడిందంటే మాత్రం ఇక నా తల ఊగదు.